పేగుకూ తోడు కావాలి

మండపేట: కోళ్ల ఫారంలో పెరిగే పిల్లకు తల్లి తెలియదు. హేచరీలో యంత్రం పొదిగిన గుడ్డు నుంచి 21వ రోజున బయటపడుతుంది. అక్కడి నుంచి పెట్టెలోకి, పెట్టెతోపాటు వ్యానులోకి, వ్యాను దిగి షెడ్డులోని ఊక మీదికి చేరుతుంది. పెరటి కోడి పిల్లల సంగతి వేరు. అవి పుట్టిన నాటి నుంచీ తల్లి వెంటే తిరుగుతాయి. తల్లి కెలికిన పెంటనే తామూ కెలుకుతాయి. తల్లి రెట్ట అంటిన నూకలే ఏరుకు తింటాయి. చూసేవారికి అది మురికి. కాని ఆ మురికితోపాటే తల్లి పేగుల్లోని మేలు చేసే సూక్ష్మజీవులు పిల్ల పేగుల్లోకి దిగుతాయి. ఫారం పిల్లకు ఆ వారసత్వం లేదు. దాని పేగు ఖాళీ ఇల్లు. ముందు ఎవరు వచ్చి తలుపు తోస్తే వారిదే కాపురం.

ధాన్యంలాగే గుడ్డు కూడా ఒక పంట అయిపోయిన మండపేట, అనపర్తి, బిక్కవోలు ప్రాంతాల్లో, పిల్ల దిగిన మొదటి వారమే గండమని కోళ్ల రైతులకు ఎవరూ చెప్పనక్కర లేదు. ఆ గండానికి కారణమేమిటో పరీక్ష చేసి రుజువు చేసింది మాత్రం ఎక్కడో మంచు దేశమైన ఫిన్లాండులో. 1971లో ఆ దేశపు బ్రాయిలర్ ఫారాల్లో సాల్మొనెల్లా అనే బాక్టీరియా విపరీతంగా వ్యాపించింది. కోడి మాంసం ద్వారా మనుషులకు చేరి వాంతులు, విరేచనాలు తెచ్చిపెట్టే జాతి ఇది. ఎదిగిన కోళ్లు దీనికి అంత సులభంగా లొంగవు. రోజుల పిల్లలు ఇట్టే లొంగిపోతాయి. ఎందుకని ఎస్కో నుర్మి అనే శాస్త్రజ్ఞుడు ఆలోచించాడు. ఆరోగ్యంగా ఉన్న పెద్దకోడి పేగుల్లోని పదార్థాన్ని తీసి, పలచగా కలిపి, అప్పుడే పుట్టిన పిల్లల చేత మింగించాడు. ఆ తరువాత వాటికి సాల్మొనెల్లా ఇచ్చి చూశాడు. మామూలు పిల్లలకు అంటుకున్న ఆ బాక్టీరియా, పెద్దకోడి పేగు సరుకు మింగిన పిల్లల్లో చాలా భాగానికి అంటలేదు. 1973లో ఈ ఫలితాలు నేచర్ అనే ప్రసిద్ధ శాస్త్ర పత్రికలో వెలువడ్డాయి.

మందు లేదు, సూది లేదు. తల్లి రెట్ట నుంచి దక్కవలసినదాన్ని మనిషి తెచ్చి ఇచ్చాడు, అంతే.

పైరు ఒత్తుగా ఉంటే

మనిషి పేగు కూడా ఇటువంటిదే. ఒక మనిషి ఒంటిలో ఉండే బాక్టీరియా సంఖ్య సుమారు 38 లక్షల కోట్లని 2016లో ఇజ్రాయెల్ శాస్త్రజ్ఞులు లెక్క కట్టారు. ఒంటిలోని సొంత జీవకణాల సంఖ్య కూడా దాదాపు అంతేనట. ఈ బాక్టీరియా అంతా కలిపి తూచితే పావు కేజీకి కాస్త తక్కువ. వీటిలో అత్యధిక భాగం పెద్దపేగులోనే కాపురం ఉంటుంది.

ఇంత జనం అక్కడ చేసే పనేమిటి? వరి రైతుకు దీనిని వివరించడం సులభం. దుబ్బులు బాగా పిలకలు వేసి ఒత్తుగా ఉన్న చేలో కలుపుకు చోటు దొరకదు. ఎండ తగలదు, ఎరువు అందదు. పేగులోనూ అంతే. ముందు నుంచి కాపురమున్న సూక్ష్మజీవులు గోడలను ఆనుకొని చోటంతా ఆక్రమించుకుంటాయి. మనం తిన్నదానిలో అరగక మిగిలిన పీచును అవే తినేస్తాయి. కొన్ని జాతులు పులుపు పదార్థాలను తయారుచేసి కొత్తగా వచ్చిన రోగక్రిమికి గిట్టని వాతావరణం కల్పిస్తాయి. మరికొన్ని తమ పోటీదారులను చంపే విషాలను కూడా ఊరిస్తాయి. కలుషితమైన నీటితో లోపలికి దిగిన రోగక్రిమి ఈ గుంపును తోసుకొని నిలదొక్కుకోవాలి. చాలాసార్లు అది సాధ్యం కాక మలంతో బయటకు పోతుంది.

ఈ కాపలా ఎంత గట్టిదో అమెరికాలోని షికాగోలో 1954లో ఎలుకల మీద చేసిన పరీక్షలో తేలింది. మామూలు ఎలుకకు సాల్మొనెల్లా జబ్బు తెప్పించాలంటే సుమారు లక్ష క్రిములు పట్టాయి. ఎలుకకు ముందుగా స్ట్రెప్టోమైసిన్ మందు ఇచ్చి, పేగుల్లోని పాత కాపురాలను ఖాళీ చేయించిన తరువాత పదిలోపు క్రిములే సరిపోయాయి. రోగక్రిమి అదే, ఎలుక అదే. మారింది కాపలా ఒక్కటే. కలుపు మందు ఎక్కువై పైరు కూడా మాడిపోయిన చేలో మొదట లేచేది కలుపే కదా.

మనుషుల్లోనూ ఇది జరుగుతున్నది. ఆసుపత్రుల్లో చాలా రోజులపాటు యాంటీబయాటిక్ మందులు వాడినవారిలో కొందరికి క్లాస్ట్రిడియం డిఫిసిల్ అనే బాక్టీరియా పేగుల్లో పెచ్చుపెరిగి, తగ్గినట్టే తగ్గి మళ్లీ మళ్లీ విరేచనాలు పట్టుకుంటాయి. దానికి మళ్లీ యాంటీబయాటిక్కే ఇస్తే చాలామందిలో జబ్బు తిరగబెడుతుంది. నెదర్లాండ్స్ వైద్యులు వేరే దారి తొక్కారు. ఆరోగ్యవంతుల మలాన్ని శుద్ధమైన ఉప్పునీటిలో కలిపి, వడకట్టి, గొట్టం ద్వారా రోగి పేగులోకి పంపారు. 2013లో ప్రకటించిన ఫలితాల ప్రకారం ఇలా చేసిన 16 మందిలో 13 మందికి ఒక్క విడతతోనే నయమైంది. వాంకోమైసిన్ అనే ఖరీదైన మందు మాత్రమే వాడిన 13 మందిలో నయమైనది నలుగురికే. వినడానికి ఏవగింపు కలిగించినా, ఫిన్లాండు కోడిపిల్లకు చేసిన వైద్యం సరిగా ఇదే. అయితే ఇది రకరకాల పరీక్షలు చేసి పెద్ద ఆసుపత్రిలో చేయవలసిన పని, ఇంట్లో చేయదగినది ఎంతమాత్రం కాదు.

ఎనిమిది రోజుల్లో ఇద్దరు

పేగుల జబ్బు, దానిని పట్టుకోవడానికి సాయపడిన పాల బాక్టీరియా, యాంటీబయాటిక్, కోడి మేత - ఈ నాలుగూ కలిసే కథ ఒకటి ఉన్నది. అది గోదావరి గడ్డ మీదనే మొదలైంది.

యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. రాజమండ్రిలో చదివారు, మద్రాసులో వైద్య విద్య పూర్తి చేశారు. ఆయన సోదరులు ఇద్దరు ఎనిమిది రోజుల వ్యవధిలో ఒకే జబ్బుతో కన్నుమూశారు. ఇంగ్లీషు వైద్యులు దానిని ట్రాపికల్ స్ప్రూ అన్నారు. మనవైపు సంగ్రహణి అని పిలిచేదానికి ఇది చాలా దగ్గర. తిన్నది ఒంట పట్టదు. నురుగుతో పలచని విరేచనాలు నెలల తరబడి సాగుతాయి, నాలుక పూస్తుంది, రక్తం పలచబడి మనిషి ఎముకల గూడవుతాడు. ఆ రోజుల్లో దీనికి మందు లేదు. కొంతకాలానికి సుబ్బారావుకే ఆ జబ్బు సోకింది. ఆయుర్వేద వైద్యుడు ఆచంట లక్ష్మీపతి చికిత్సతో ఆయన బతికి బయటపడ్డారు.

1920వ దశకం మొదట్లో కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ హామీతో, మామగారు కూడబెట్టి ఇచ్చిన డబ్బుతో సుబ్బారావు అమెరికా వెళ్లారు. ఆయన హార్వర్డులో చేసిన పరిశోధనల గురించి చెప్పాలంటే వేరే వ్యాసం కావాలి. 1940లో ఆయన న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్ అనే ఊళ్లో ఉన్న లెడర్లీ మందుల కంపెనీలో చేరారు. అక్కడ ఆయన బృందం ముందు పెట్టుకున్న పనుల్లో ఒకటి, కాలేయంలో ఉన్న ఒక రక్తవృద్ధి పదార్థాన్ని విడదీయడం.

ఆ పదార్థం కంటికి కనిపించదు, ఉన్నదీ లేనిదీ తెలిసేదెలా? ఇక్కడే పాల బాక్టీరియా అక్కరకు వచ్చింది. పాలను పులియబెట్టే జాతికి చెందిన లాక్టోబాసిల్లస్ కేసి అనే బాక్టీరియాకు ఒక లక్షణం ఉన్నది. ఆ పదార్థం అందితేనే అది పెరుగుతుంది, అందకపోతే పెరగదు. పరీక్ష నాళికలో ఈ బాక్టీరియాను వేసి, కాలేయ సారం చుక్క కలిపితే నీరు మబ్బుగా మారిందా, అందులో పదార్థం ఉన్నట్టు. తేటగా ఉందా, లేనట్టు. అందుకే ఆ పదార్థానికి మొదట పెట్టిన పేరే కేసి కారకం. 1945లో సుబ్బారావు బృందం దానిని ప్రయోగశాలలో తయారుచేయగలిగింది. అదే ఫోలిక్ యాసిడ్. అంతకు చాలా ముందే, 1930 ప్రాంతంలో బొంబాయిలో గర్భిణుల రక్తహీనత మీద పరిశోధన చేసిన లూసీ విల్స్ అనే డాక్టరమ్మ ఇటువంటి పదార్థం ఒకటి ఉండి తీరాలని కనిపెట్టారు. ఇవాళ మండపేటలోగాని, ఏ మారుమూల పల్లెలోగాని గర్భిణీ స్త్రీకి ఇచ్చే ఎర్ర మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుముతోపాటు ఉండే 500 మైక్రోగ్రాముల మందు ఇదే.

ఫోలిక్ యాసిడ్ చేతికి వచ్చిన కొద్ది నెలలకే టామ్ స్పైస్ అనే వైద్యుడు క్యూబా తదితర దీవుల్లోని స్ప్రూ రోగులకు దానిని వాడి చూశాడు. రోజుల్లోనే ఆకలి పుట్టింది, రక్తం పట్టింది. సుబ్బారావు సోదరులను బలిగొన్న జబ్బుకు ఆ విధంగా ఆయన ప్రయోగశాల నుంచే మందు వచ్చింది. తరువాత తమిళనాడులోని వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల వారు 1960వ దశకంలో ఉత్తర ఆర్కాటు పల్లెల్లో ఈ జబ్బు ఊళ్లకు ఊళ్లను పట్టుకున్నప్పుడు దీర్ఘకాలం పరిశోధనలు సాగించారు. ఉండకూడని బాక్టీరియా చిన్నపేగులో చేరి తిష్ఠ వేయడం ఈ జబ్బులో కనిపిస్తుంది. అందుకే దీనికి ఫోలిక్ యాసిడ్‌తోపాటు టెట్రాసైక్లిన్ కూడా కొన్ని నెలలు వాడతారు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదట పుట్టిన మందు పేరు ఆరియోమైసిన్. అదీ పెర్ల్ రివర్ సరుకే.

కోడి మేతలో బంగారు మందు

బెంజమిన్ డగ్గర్ అనే వృద్ధ వృక్ష శాస్త్రజ్ఞుడు సుబ్బారావు నాయకత్వంలో రకరకాల మట్టి నమూనాలను పరీక్షిస్తూ, 1945లో మిస్సోరీ రాష్ట్రపు పొలం మట్టిలో ఒక సూక్ష్మజీవిని పట్టుకున్నాడు. దాని రంగు బంగారు వన్నె. అందుకే మందుకు ఆరియోమైసిన్ అని పేరు పెట్టారు. 1948లో అది లోకానికి తెలిసింది. అదే సంవత్సరం ఆగస్టులో సుబ్బారావు 53వ ఏట మరణించారు.

ఆ తరువాత జరిగినది ఎవరూ ఊహించనిది. ఆరియోమైసిన్ తీసేశాక మిగిలిన పిప్పిని ఏదో ఒక ఉపయోగానికి తేవాలని, అదే కంపెనీలో పనిచేసే థామస్ జూక్స్, రాబర్ట్ స్టోక్‌స్టాడ్ దానిని కోడిపిల్లల మేతలో కలిపి చూశారు. ఫోలిక్ యాసిడ్ పరిశోధనలో సుబ్బారావుతో కలిసి పనిచేసిన స్టోక్‌స్టాడే ఈయన. పిప్పిలో బి-12 విటమిన్ ఉంటుందని వారి ఆశ. పిల్లలు ఆశించినదానికంటే చాలా ఎక్కువ బరువు పెరిగాయి. కారణం విటమిన్ ఒక్కటే కాదు, పిప్పిలో మిగిలిపోయిన కాస్త యాంటీబయాటిక్ అని 1950 నాటికి తేలింది. టన్ను మేతకు కొద్ది గ్రాములు కలిపితే చాలు, అదే మేతతో కోడి బరువు పెరుగుతుంది. ఇక చెప్పేదేముంది! పందులకు, దూడలకు, కోళ్లకు ప్రపంచమంతా మేతలో యాంటీబయాటిక్ కలపడం ఆనవాయితీ అయింది.

కొద్ది మోతాదు, రోజూ, ఏళ్ల తరబడి. బాక్టీరియాకు మందు అలవాటు చేయడానికి ఇంతకంటే మంచి బడి లేదు. మోతాదుకు చచ్చేవి చస్తాయి. చావనివి మిగిలి, పిల్లలు పెట్టి షెడ్డంతా నిండుతాయి. రెట్ట ద్వారా చేలోకి, కాలువలోకి, మనిషి చేతికి చేరుతాయి. కొలిస్టిన్ అనే మందు ఉదంతం దీనికి నిదర్శనం. వేరే మందులేవీ పనిచేయని రోగికి వైద్యులు ఆఖరి అస్త్రంగా వాడే మందు అది. దానిని తట్టుకొనే గుణాన్ని ఒక బాక్టీరియా మరొక బాక్టీరియాకు అందించగలదని 2015లో చైనా శాస్త్రజ్ఞులు పందుల్లో, పచ్చి మాంసంలో, రోగుల్లో కనుగొన్నారు. మన దేశంలో కోళ్లకు, చేపల చెరువులకు, పశువుల మేతకు కొలిస్టిన్‌ను తయారుచేయడం, అమ్మడం కేంద్ర ప్రభుత్వం 2019 జూలైలో నిషేధించింది. ఐరోపా దేశాలు బరువు పెంచడం కోసం మేతలో యాంటీబయాటిక్ కలపడాన్నే 2006 నుంచి పూర్తిగా మానేశాయి.

కోళ్ల రైతును నిందించి లాభం లేదు. ఒక షెడ్డులో వేల కోళ్లు ఉన్నప్పుడు ఉదయం నాలుగు రాలిపోతే సాయంత్రానికి ఎన్ని రాలతాయోనన్న భయం వారిది. మేత ధర, గుడ్డు ధర వారి చేతిలో లేవు. అటువంటప్పుడు చేతికందిన సంచి కలపడం సహజం. అయితే ఇప్పుడు దుకాణాల్లో మందు సంచుల పక్కనే ప్రోబయాటిక్ సంచులు కూడా ఉన్నాయి. మేలు చేసే బాక్టీరియాను పొడిగా చేసి మేతలోనో నీళ్లలోనో కలిపి ఇచ్చే సరుకు ఇది. దీని వెనుక ఉన్న సూత్రం నుర్మి చూపినదే, ఖాళీ పేగులోకి మంచి కాపురాన్ని ముందుగా దించడం. సంచి ఎండలో పడి ఉంటే అందులోని జీవం చచ్చిపోతుంది. క్లోరిన్ ఎక్కువ కలిపిన నీళ్లలో పోస్తే అక్కడే పోతుంది. యాంటీబయాటిక్‌తో కలిపి ఒకే రోజు ఇస్తే ఒక చేత్తో నాటి, మరో చేత్తో పీకినట్టే. జబ్బు తగిలి పశువైద్యుని సలహాపై యాంటీబయాటిక్ వాడినప్పుడు, ఆపిన తరువాత ఎన్ని రోజులకు గుడ్డు, మాంసం అమ్మవచ్చునో ఆ మందు చీటీ మీద ఉంటుంది. ఆ గడువు దాటేవరకు ఆగవలసిందే.

పురిటి బిడ్డ సంగతి

కోడిపిల్లకు తల్లి రెట్ట ఎలాగో, పురిటి బిడ్డకు తల్లి కాన్పు దారి, తల్లి చర్మం, తల్లి పాలు అలాగ. తల్లిపాలలో ఒక చిత్రం ఉన్నది. లీటరు పాలలో 5 నుంచి 15 గ్రాముల వరకు ఒక రకం చక్కెరలు ఉంటాయి. బిడ్డ వాటిని అరిగించుకోలేదు. మరి తల్లి ఒళ్లు కష్టపడి వాటిని ఎందుకు తయారుచేస్తున్నట్టు? బిడ్డ పేగులోని బాక్టీరియా కోసం. ముఖ్యంగా బిఫిడో అనే జాతి కోసం. పాలు తాగే పసివారి మలంలో ఈ జాతిని పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో హెన్రీ టిసియే 1899లోనే చూశాడు. తల్లి బిడ్డకే కాక, బిడ్డ కాపలాదారుకు కూడా కూడు పెడుతున్నదన్నమాట. ముర్రుపాలు పిండి పారబోసి, తేనె, పంచదార నీళ్లు నాకించే అలవాటు ఇంకా మిగిలి ఉన్న ఇళ్లలో పెద్దలు ఈ సంగతి గమనించాలి.

ఆంధ్రప్రదేశ్‌లో 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 100 కాన్పుల్లో 42 ఆపరేషన్ కాన్పులే. తల్లికో బిడ్డకో ప్రమాదమైనప్పుడు ఆపరేషన్ ప్రాణదాత, అందులో వాదన లేదు. అయితే ఆపరేషన్‌తో పుట్టిన బిడ్డ పేగులోకి తల్లి నుంచి రావలసిన కొన్ని జాతులు రాకుండా, ఆసుపత్రి గదుల్లో తిరిగే జాతులు ముందుగా చేరుతున్నాయని ఇంగ్లండులో 596 మంది శిశువులను పరీక్షించి 2019లో ప్రకటించారు. కొన్ని నెలల్లో ఈ తేడా చాలావరకు చెరిగిపోతుంది. ఆ నెలల్లో తల్లిపాల విలువ రెట్టింపని మాత్రం గుర్తించాలి.

ఈ విషయంలో లోకమంతా తిరిగి చూసిన పరిశోధన మన పొరుగున ఒడిశా పల్లెల్లో జరిగింది. నెలలోపు పిల్లల్లో సెప్సిస్ అనే జబ్బు, అంటే సూక్ష్మజీవులు రక్తంలో చేరి ఒళ్లంతా పాకడం, ఎంతోమందిని బలిగొంటున్నది. ఒడిశాకు చెందిన డాక్టర్ పినాకి పాణిగ్రాహి, ఆయన సహచరులు 149 పల్లెల్లో 4,556 మంది శిశువులపై పరీక్ష జరిపారు. అందరూ తల్లిపాలు తాగేవారే, పుట్టినప్పుడు రెండు కేజీలకు తగ్గనివారే. సగం మందికి లాక్టోబాసిల్లస్ ప్లాంటారం అనే బాక్టీరియాను, దానికి ఆహారమయ్యే ఒక చక్కెరతో కలిపి ఏడు రోజులు ఇచ్చారు. మిగతా సగానికి అటువంటిదే కనిపించే ఉత్త పొడి ఇచ్చారు. ఎవరికి ఏది ఇచ్చినదీ ఇచ్చినవారికి కూడా తెలియదు. రెండు నెలలు కనిపెట్టి చూశారు. ఉత్త పొడి తీసుకున్నవారిలో 100కు 9 మందికి సెప్సిస్ వచ్చింది లేదా ప్రాణం పోయింది. బాక్టీరియా తీసుకున్నవారిలో ఇది 5.4. అంటే 40 శాతం తగ్గింది. ఊపిరితిత్తుల జబ్బులు కూడా తగ్గాయి. ఫలితం ఇంత స్పష్టంగా ఉండడంతో అనుకున్నదానికంటే ముందుగానే పరీక్ష ఆపివేశారు. వివరాలు 2017లో నేచర్ పత్రికలో వచ్చాయి. ఒక్కొక్క బిడ్డకు అయిన ఖర్చు ఒక్క డాలరు.

ఈ జాతి బాక్టీరియా మందుల కంపెనీల సృష్టి కాదు. ఉప్పునీటిలో పులిసిన కూరగాయల్లో, పులిసిన పిండిలో లోకమంతా ఉండేదే. అయితే పాణిగ్రాహి బృందం దొరికినదాన్ని ఇవ్వలేదు. వందలాది రకాలను వడపోసి, పసివారి పేగులో నిలిచే ఒక్క రకాన్ని ఎంచుకున్నది. ఆ తేడా చాలా ముఖ్యం.

పొట్లాలన్నీ ఒకటి కావు

ఒక రకం పనిచేసినంత మాత్రాన ప్రోబయాటిక్ అని రాసి ఉన్న పొట్లాలన్నీ పనిచేస్తాయని కాదు. విరేచనాలతో ఆసుపత్రికి వచ్చిన పిల్లలకు పేరుపొందిన ఒక ప్రోబయాటిక్ ఇచ్చి అమెరికాలోను, మరొక మిశ్రమం ఇచ్చి కెనడాలోను రెండు పెద్ద పరీక్షలు చేశారు. ఉత్త పొడి తీసుకున్నవారికీ వీరికీ తేడా లేదని 2018లో ప్రకటించారు. అదే సంవత్సరం ఇజ్రాయెల్ శాస్త్రజ్ఞులు మరొక సంగతి చెప్పారు. యాంటీబయాటిక్ వాడిన తరువాత ప్రోబయాటిక్ మాత్రలు తిన్నవారిలో సొంత కాపురాలు తిరిగి నిలదొక్కుకోవడం ఆలస్యమైంది. కొత్తవారు వచ్చి కూర్చుంటే పాతవారికి చోటేదీ? నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలకైతే ఈ పొట్లాలు ప్రమాదం కూడా కావచ్చు. ఒక శిశువు మరణించడంతో అమెరికా ఔషధ శాఖ 2023లో ఆసుపత్రులను హెచ్చరించింది. డాక్టరు రాస్తే తప్ప పసివారికి ఇవి వాడరాదు.

మరి పెరుగు? పెరుగు తింటే ఆయుష్షు పెరుగుతుందని నోబెల్ బహుమతి గ్రహీత మెచ్నికాఫ్ వందేళ్ల క్రితమే ప్రచారం చేశాడు. అంత దూరం పోనక్కర లేదు. పెరుగు తోడులోని బాక్టీరియా పాలలోని చక్కెరను కొంత తినేస్తుంది కనుక, పాలు పడనివారికి కూడా పెరుగు పడుతుంది. ఆ బాక్టీరియా పేగులో స్థిరపడదు, దారిన పోయే చుట్టం వంటిది. కనుక ఒకనాడు గిన్నెడు తిని మానేస్తే లాభం ఉండదు, రోజూ వాడకంలో ఉండాలి. గోదావరి జిల్లాల ఇళ్లలో ఒకనాడు మూలన ఉండే తరవాణి కుండలో జరిగేది కూడా ఇటువంటి పులుపే. కుండ కడగకుండా, నీళ్లు కాచకుండా చేస్తే మాత్రం మంచి క్రిములతోపాటు చెడ్డవీ పులుస్తాయి. పేగులోని కాపురాలకు అసలు తిండి పీచు. దంపుడు బియ్యం, పప్పులు, కూరగాయలు, తోటకూర, మునగాకు తినే ఇంట్లో ఆ తిండికి లోటుండదు.

విరేచనాలు పట్టుకుంటే

వేసవిలో కట్టేసిన డెల్టా కాలువలకు మళ్లీ నీళ్లు వదిలే రోజులు, తొలకరి వానలకు మురుగు కోడులు పొంగే రోజులు విరేచనాల కాలం. పసిబిడ్డకు నాలుగు విరేచనాలు కాగానే దుకాణంలో యాంటీబయాటిక్ సీసా అడిగి తెచ్చి పట్టడం చాలా ఊళ్లలో కనిపిస్తుంది. పిల్లల విరేచనాల్లో ఎక్కువ భాగం వైరస్‌ల వల్ల వచ్చేవి. వాటిమీద యాంటీబయాటిక్‌కు ఎటువంటి ప్రభావం లేదు. చచ్చేది పేగులోని కాపలా మాత్రమే. షికాగో ఎలుకకు జరిగినదే ఆ బిడ్డకూ జరుగుతుంది. మలంలో రక్తం పడినా, కలరా అనుమానం ఉన్నా సంగతి వేరు. అప్పుడు డాక్టరు చూసి ఏ మందు, ఎన్ని రోజులన్నది రాయవలసి ఉంటుంది. రాసినన్ని రోజులూ వాడాలి.

రోటా వైరస్‌కు హైదరాబాదులో తయారైన చుక్కల మందు ఉన్నది. ఢిల్లీలో ఒక శిశువు నుంచి తీసిన వైరస్‌తో డాక్టర్ ఎం.కె. భాన్ మొదలుపెట్టిన కృషికి ఫలితం అది. ప్రభుత్వ టీకాల కార్యక్రమంలో 2016లో దీనిని ప్రవేశపెట్టిన మొదటి నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. బిడ్డకు 6, 10, 14 వారాల వయసులో ఈ చుక్కలు ఉచితంగా వేస్తారు.

విరేచనాల్లో ప్రాణం తీసేది ఒంట్లోంచి పోయే నీరు, ఉప్పు. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ కాలంలో సరిహద్దులోని బనగావ్ శరణార్థి శిబిరంలో కలరా విజృంభించింది. సెలైన్ సీసాలు అయిపోయాయి. డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు, సోడా కలిపిన నీళ్లను పీపాల్లో పోయించి, రోగుల బంధువుల చేతనే తాగించారు. 100కు 30 వరకు ఉన్న మరణాలు 4 లోపుకు దిగాయి. ఆ నీళ్లే ఇవాళ ఓఆర్ఎస్ పొట్లం రూపంలో ఆశా కార్యకర్త సంచిలో ఉన్నాయి.

పొట్లమంతా ఒకేసారి లీటరు నీటిలో, కాచి చల్లార్చిన నీరైతే మేలు, కలపాలి. సగం పొట్లం సగం గ్లాసులో కలిపితే ఉప్పు ఎక్కువై హాని జరుగుతుంది. ఒక్కొక్క చెంచా చొప్పున పట్టాలి. వాంతి అయితే పది నిమిషాలు ఆగి మళ్లీ మొదలుపెట్టాలి. తల్లిపాలు ఆపరాదు, తినే పిల్లలకు తిండి మాన్పించరాదు, మజ్జిగ అన్నం పెట్టవచ్చు. దీనితోపాటు 14 రోజులు జింకు మాత్ర ఇవ్వాలి. ఆరు నెలలు దాటినవారికి రోజుకు 20 మిల్లీగ్రాములు, రెండు నెలల నుంచి ఆరు నెలల లోపువారికి 10. విరేచనాలు తగ్గినా 14 రోజులూ ఆపకూడదు. కళ్లు గుంటలు పడినా, బిడ్డ మత్తుగా ఉండి పాలు పట్టకపోయినా, ఒంటికి పోయకపోయినా, మలంలో రక్తం కనిపించినా వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. దారిలో కూడా చెంచాతో నీళ్లు పడుతూనే ఉండాలి. కలిపిన నీళ్లు 24 గంటలు దాటితే పారబోసి కొత్త పొట్లం కలుపుకోవాలి.